మీటరు మార్చితే ముల్లుని కాదు, కిలోమీటర్లని సరిచూడండి

పాత జీపుకో, ఇంజను మార్చిన వ్యానుకో వేరే బండి మీటరు బిగించడం మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్త పనేం కాదు. కేబుల్ మీటర్లు అరిగిపోయాయి, వాటికి సరైన విడిభాగాలు దొరకడం లేదు. తుక్కు షాపులో మాత్రం డిస్‌ప్లే ఉన్న మంచి మీటరు కనబడుతుంది. తెచ్చి 12 వోల్టులు ఇస్తే లైట్లు వెలుగుతాయి, అది తేలికే. అది చూపించే వేగం, తిరిగిన దూరం, డీజిలు మట్టం, ఇంజను వేడి నిజం కావాలంటే మాత్రం బండిలోని సెన్సర్లు ఇచ్చే సిగ్నల్‌ని ఆ మీటరు అడిగే సిగ్నల్‌గా మార్చే అడాప్టరు మధ్యలో ఉండాలి. ఆ అడాప్టరు బిగించడం, దాన్ని సరిచేయడం గురించే ఈ పోస్టు.

ముందుగా ఒక మాట. చాలామంది ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని, ముల్లు జీపీఎస్‌తో కలిసేదాకా అడాప్టరులో అంకె మారుస్తారు. అలా చేయకూడదు. మీటరులో ముల్లు వేరు, కిలోమీటర్ల లెక్క వేరు. రెండూ ఒకే పల్సుల (బండి కదిలేకొద్దీ సెన్సరు పంపే చిన్న కరెంటు దెబ్బల) మీద నడిచినా, ముల్లుని కంపెనీవాళ్లు కావాలనే కాస్త ఎక్కువ చూపించేలా పెడతారు. ఐక్యరాజ్య సమితి 39వ నిబంధన ప్రకారం ముల్లు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపితే అసలు వేగంలో పదో వంతుకి 4 కలిపినంత వరకే చూపాలి. అంటే 80 మీద వెళ్తుంటే ముల్లు 92 దాకా ఉండొచ్చు, 79 మీద ఉండకూడదు. దూరం లెక్కకి అలాంటి పెంపు ఉండదు. ముల్లు 5 శాతం ఎక్కువ చూపే మీటరుని జీపీఎస్‌తో బలవంతంగా కలిపితే పల్సులు 5 శాతం దాకా తగ్గిపోతాయి. బండి 10,000 కిలోమీటర్లు తిరిగితే మీటరులో 9,524 మాత్రమే పడుతుంది. ఆయిలు మార్పు, టైమింగ్ బెల్టు మార్పు అన్నీ ఆలస్యమవుతాయి. మైలేజీ లెక్క కూడా తప్పుతుంది. కాబట్టి దూరాన్ని సరిచేయండి, ముల్లు రెండు మూడు అంకెలు ఎక్కువ చూపితే చూపనివ్వండి.

తుక్కు షాపులో మీటరు ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. దాని ప్లగ్గులు కనీసం ఒక జానెడు వైరుతో సహా కోయించుకోండి. ఆ బండి టెంపరేచర్ సెన్సరు, వీలైతే ట్యాంకులో డీజిలు మట్టం కొలిచే ఫ్లోటు కూడా అడిగి తీసుకోండి. తరవాత విడిగా వెతికితే దొరకవు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి బండ్లలో చాలా మోడళ్లకి ఇమ్మొబిలైజరు, అంటే అసలు తాళం లేకుండా ఇంజను స్టార్టవనివ్వని ఏర్పాటు, మీటరులోనే ఉంటుంది. అలాంటి బండిలో అదే కంపెనీ మరో మీటరు పెడితే తాళం గుర్తుపట్టక ఇంజను స్టార్టవదు. కోడింగ్ చేసేవాళ్లు దగ్గరలో ఉంటే తప్ప ఆ జోలికి పోవద్దు.

ఇక కరెంటు. అడాప్టరుకి బుర్రగా ఆర్డ్వినో నానో (ప్రోగ్రాము రాసి పెట్టగల చిన్న బోర్డు) సరిపోతుంది. బండిలో వోల్టేజీ 12 అంటాం గాని, ఇంజను నడుస్తుంటే 14 దాటుతుంది. బ్యాటరీ టెర్మినల్ ఊడినప్పుడు ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రం) నుంచి ఒక్కసారిగా వచ్చే వోల్టేజీ ఇంకా చాలా ఎక్కువ. ఇగ్నిషన్ వైరు నుంచి ముందు 1 ఆంపియరు ఫ్యూజు, తరవాత 1ఎన్4007 డయోడు, ఆపైన గ్రౌండుకి 1.5కేఈ24ఏ టీవీఎస్ డయోడు (ఎక్కువైన వోల్టేజీని అడ్డుకునేది), ఆ తరవాతే వోల్టేజీ దించే ఎల్ఎమ్2596 మాడ్యూలు పెట్టి 5 వోల్టులకి దించండి. ఆ మాడ్యూలు 40 వోల్టుల వరకు తట్టుకుంటుంది, టీవీఎస్ డయోడు సుమారు 33 దగ్గర అడ్డుకుంటుంది. నానోకి కలపక ముందే మాడ్యూలు స్క్రూ తిప్పి 5.0 వోల్టులు మల్టీమీటరుతో చూసుకోవాలి, ఎందుకంటే షాపు నుంచి వచ్చినప్పుడు అది ఎంత మీదైనా ఉండొచ్చు.

గ్రౌండు విషయంలో అలక్ష్యం చేస్తే మిగతా పనంతా వృథా. అడాప్టరు గ్రౌండు, మీటరు గ్రౌండు ఒకే బోల్టు మీదకి రావాలి. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి, బ్యాటరీ నెగటివ్‌కీ మీటరు గ్రౌండుకీ మధ్య వోల్టేజీ కొలవండి. 0.1 వోల్టు దాటితే ఆ బోల్టు గీకి, వేరే వైరు లాగాలి. లైట్లు వేయగానే డీజిలు ముల్లు కదులుతోందంటే తప్పు దాదాపు ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది, ఫ్లోటులో కాదు. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో తిరిగే బండ్లకి ఉప్పుగాలి వల్ల ఈ జాయింట్లు బేగి పచ్చబడతాయి. వైర్లు చుట్టి టేపు వేసి వదిలేయకండి. క్రింపు చేసి, జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. సర్క్యూట్ బోర్డుకి తేమ తగలకుండా కాపాడే కన్ఫార్మల్ కోటింగ్ స్ప్రే కొట్టండి.

వేగం సిగ్నల్‌కి రెండు దారులున్నాయి. గేర్‌బాక్స్‌కి స్పీడో కేబుల్ బిగించే చోట సరిపోయే పల్స్ సెండరు దొరికితే అదే మంచిది: నీళ్లు, బురద తగలవు. దొరకకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే కడ్డీ) మీద అయస్కాంతాలు, పక్కన అయస్కాంతాన్ని గుర్తుపట్టే హాల్ సెన్సరు. 8 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న నియోడిమియం అయస్కాంతాలు 4 తీసుకుని, షాఫ్ట్ చుట్టూ సమదూరంలో ఎపాక్సీతో అతికించి, మీద స్టీలు క్లిప్పు బిగించాలి. ఒక్కటే పెడితే షాఫ్ట్ బ్యాలెన్సు చెడుతుంది, తక్కువ వేగంలో పల్సులు కూడా చాలవు. ఏ3144 లాంటి సెన్సరు అయితే అంకెలు రాసి ఉన్న వైపుకి అయస్కాంతం దక్షిణ ధ్రువం ఎదురు రావాలి. తిరగేసి అతికిస్తే ఒక్క పల్సూ రాదు. ఖాళీ 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. సెన్సరు అవుట్‌పుట్‌కి 5 వోల్టుల నుంచి 4.7 కిలో ఓమ్ పుల్‌అప్ రెసిస్టరు తప్పనిసరి. సైలెన్సరు గొట్టానికి దూరంగా బిగించండి.

ఇప్పుడు లెక్క. 215/75 ఆర్15 టైరు వ్యాసం 703.5 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2.21 మీటర్లు, కిలోమీటరుకి సుమారు 452 చుట్లు. వెనక యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ తిరిగే చుట్లు) 4.1 అనుకుంటే షాఫ్ట్ 1,853 చుట్లు తిరుగుతుంది. అయస్కాంతాలు 4 కాబట్టి కిలోమీటరుకి 7,412 పల్సులు. ఇది కాగితం మీది అంకె. బరువుకి టైరు కింద నొక్కుకుని రెండు మూడు శాతం చిన్నదవుతుంది కాబట్టి రోడ్డు మీద 7,600 దగ్గర తేలొచ్చు. అందుకే దీన్ని మొదటి అంచనాగా వాడుకోండి, ఖాయం చేసుకోకండి. 235/75 ఆర్15 టైర్లు వేసిన బండికైతే 4 శాతానికి పైగా తేడా వస్తుంది, అది వేరే లెక్క.

మీటరు వైపు ఎన్ని పల్సులు కావాలి? జపాన్ ప్రమాణం ప్రకారం 60 కిలోమీటర్ల వేగానికి స్పీడో కేబుల్ నిమిషానికి 637 చుట్లు తిరగాలి. ఆ వేగంలో నిమిషానికి ఒక కిలోమీటరు కదా, అంటే కిలోమీటరుకి 637 చుట్లు. చుట్టుకి 4 పల్సులు ఇచ్చే సెన్సరుతో 2,548. ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటికి ఈ అంకే వస్తుంది, కానీ నమ్మేయకుండా బల్ల మీదే తేల్చుకోవాలి. మీటరుకి 12 వోల్టుల సప్లై ఇచ్చి, ట్రిప్ మీటరు సున్నా చేసి, అడాప్టరు నుంచి లెక్కపెట్టి 25,480 పల్సులు పంపండి. సెకనుకి 70.8 పల్సుల చొప్పున, అంటే 100 వేగంతో పంపితే 6 నిమిషాల్లో అయిపోతుంది. ట్రిప్‌లో 10.0 వస్తే మీ మీటరు అంకె 2,548. సగమే, 5.0 వస్తే 5,096, అంటే చుట్టుకి 8 పల్సులు అడిగే మీటరు. మరేదైనా వస్తే పంపిన పల్సుల్ని ట్రిప్ చూపిన కిలోమీటర్లతో భాగించండి. ట్రిప్‌లో చివరి అంకె 0.1 కిలోమీటరు కాబట్టి 10 కిలోమీటర్ల పరీక్షలో ఒక శాతం తేడా దాగి ఉండొచ్చు. 20 కిలోమీటర్లకి సరిపడా పంపితే అది సగానికి తగ్గుతుంది. ఈ కిలోమీటర్లు ఓడోమీటరులోనూ పడతాయి, రాసి పెట్టుకోండి. అదే సమయంలో 40, 60, 80, 100 కి సరిపడే పల్సులు ఇచ్చి ముల్లు ఎక్కడ ఆగుతోందో కూడా రాసుకుంటే, రోడ్డు మీద తేడా వచ్చినప్పుడు తప్పు మీటరుదో సెన్సరుదో వెంటనే తెలిసిపోతుంది. మీటరు వైపు, బండి వైపు విడివిడిగా కొలవాలనేది అందుకే.

మీటరు అంకె (కిలోమీటరుకి మీటరు అడిగే పల్సులు) 2,548, బండి అంకె (కిలోమీటరుకి బండి సెన్సరు ఇచ్చే పల్సులు) 7,600 అయితే నిష్పత్తి 0.3353. తిరగేస్తే 2.98, పూర్ణాంకం కాదు కాబట్టి మూడు పల్సులకి ఒకటి చొప్పున ఇచ్చే చౌక డివైడరు ఐసీతో లెక్క కచ్చితంగా కుదరదు. ప్రోగ్రాములో పల్సుకీ పల్సుకీ మధ్య కాలం కొలిచి, దాని నుంచి కొత్త పల్సులు పుట్టించాలి. ఇక్కడ నాలుగు చిక్కులున్నాయి. ఆర్డ్వినోలో టోన్ ఆజ్ఞ నానో మీద సెకనుకి 31 పల్సుల కంటే తక్కువ ఇవ్వలేదు. 2,548 మీటరులో అది 44 కిలోమీటర్ల వేగం, అంతకు కింద ముల్లు పనిచేయదు. పైగా ఒకేసారి ఒకే పిన్ను మీద నడుస్తుంది, వేగం, ఆర్పీఎమ్ (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) రెండూ ఇవ్వలేరు. దాని బదులు నానోలోని 16 బిట్ల టైమర్ 1 ని ప్రీస్కేలర్ 64 తో (గడియారాన్ని 64 రెట్లు నెమ్మది చేసి) వాడితే 2.7 కిలోమీటర్ల వేగం దాకా దిగొచ్చు. రెండోది, టైమరు నడుస్తుండగా పోలిక విలువని (టైమరు ఎంత దాకా లెక్కపెట్టి పల్సు ఇవ్వాలో చెప్పే అంకెని) ప్రస్తుత లెక్క కంటే తక్కువకి మారిస్తే, టైమరు 65,535 దాకా వెళ్లి చుట్టి వస్తుంది. పావు సెకను పాటు పల్సు రాక ముల్లు ఉలిక్కిపడుతుంది. విలువని ఇంటరప్టు (టైమరు ఆ అంకెని చేరగానే నడిచే ప్రోగ్రాము ముక్క) లోపలే మార్చండి. మూడోది, అయస్కాంతాలు ఎంత కొలిచి అతికించినా కాస్త ఎడంగా ఉంటాయి, ముల్లు వణుకుతుంది. సగటు సరిగ్గా నాలుగు పల్సుల మీద, అంటే షాఫ్ట్ ఒక పూర్తి చుట్టు మీద తీస్తే ఆ తేడా రద్దయిపోతుంది. మూడు మీదో ఐదు మీదో తీస్తే పోదు. నాలుగోది, ఒక సెకను పాటు పల్సు రాకపోతే వేగం సున్నా అని ప్రోగ్రాములో రాయాలి. లేకపోతే బండి ఆగినా ముల్లు 6 మీదో 8 మీదో నిలబడిపోయి, ఓడోమీటరు తిరుగుతూనే ఉంటుంది.

రోడ్డు పరీక్షకి మనకి 16వ నంబరు జాతీయ రహదారి ఉంది. రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం వైపు వచ్చే దారి బాగుంటుంది. విజయనగరం వాళ్లు నాతవలస దగ్గర ఎక్కొచ్చు. ముందు టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు చూసుకుని, రోజూ మోసే బరువుతోనే బయల్దేరండి. అడాప్టరు లోపలికి వచ్చిన మొత్తం పల్సుల్ని చూపించే చిన్న డిస్‌ప్లే ఒకటి పక్కన కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి. నడిపేవాళ్లు రోడ్డునే చూడాలి. ఒక కిలోమీటరు రాయి దగ్గర అంకె రాసుకుని, 10 కిలోమీటర్ల తరవాత రాయి దగ్గర మళ్లీ రాసుకోండి. తేడాని 10 తో భాగిస్తే మీ బండి అసలు అంకె. రోడ్డు వెడల్పు చేసినప్పుడు, బైపాస్ వేసినప్పుడు రాళ్లు జరిగి ఉండొచ్చు కాబట్టి జీపీఎస్ దూరంతోనూ పోల్చండి, తిరుగు దారిలో మరోసారి లెక్కించండి. రెండు దారుల లెక్కా ఒక శాతం లోపు కలవాలి. కలవకపోతే సెన్సరు పల్సులు వదిలేస్తోంది: అయస్కాంతం దూరంగా ఉంది, లేదా వైరు ఊగుతోంది. అప్పుడు అంకె మార్చి సర్దుకోవద్దు, సెన్సరు దగ్గరకే వెళ్లండి.

దూరం కుదిరాక ముల్లు చూడండి. జీపీఎస్ కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి తిన్నటి రోడ్డు మీద ఒకే వేగంతో పది సెకన్లు ఆగి చదవాలి. ముల్లు జీపీఎస్ కంటే తక్కువ చూపితే మాత్రం ఊరుకోకూడదు. మీటరు విప్పి ముల్లు స్థానం సరిచేయించాలి.

ఆర్పీఎమ్ పెట్రోలు బండికి తేలిక. నాలుగు సిలిండర్లకి ఇంజను చుట్టుకి 2 పల్సులు, మూడు సిలిండర్లకి ఒకటిన్నర. మన జీపులు డీజిలువి, ఆ పల్సులు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ ఉండదు, కాబట్టి ఆల్టర్నేటరు వెనక డబ్ల్యూ అని ఉండే టెర్మినల్ నుంచి తీసుకోవాలి. 12 ధ్రువాల ఆల్టర్నేటరు తన చుట్టుకి 6 పల్సులు ఇస్తుంది. క్రాంక్ పుల్లీ 150, ఆల్టర్నేటరు పుల్లీ 60 మిల్లీమీటర్లు అయితే ఇంజను చుట్టుకి 15 పల్సులు. 800 ఆర్పీఎమ్ దగ్గర సెకనుకి 200. చుట్టుకి 2 పల్సుల మీటరు అడిగేది 26.7, అంటే 7.5 తో భాగించాలి. ఆ వైరుని నేరుగా నానోకి కలపకండి. 2.2 కిలో ఓమ్ రెసిస్టరు, పీసీ817 ఆప్టోకప్లరు (సిగ్నల్‌ని వెలుతురుతో దాటించి రెండు వైపుల వైర్లని విడిగా ఉంచేది), దాని ఎల్ఈడీకి ఎదురు దిక్కులో 1ఎన్4148 డయోడు పెట్టి తీసుకురండి. క్రాంక్ పుల్లీకి మెరిసే టేపు ముక్క అతికించి ఆప్టికల్ టాకోమీటరుతో సరిచూస్తే చాలు. బెల్టు జారుతుంటే ఇంజను వేగం పెంచేకొద్దీ తేడా పెరుగుతుంది. పెట్రోలు బండి మీటరు అయితే అందులో ఎర్ర గీత మీ డీజిలు ఇంజనుకి వర్తించదని గుర్తుంచుకోండి.

డీజిలు ముల్లుకి ఓపిక కావాలి. ఫ్లోటుల్లో ఏకరూపత లేదు: కొన్ని ఖాళీ ట్యాంకుకి 110 ఓమ్, నిండుకి 3, కొన్ని 10 నుంచి 180, మరికొన్ని 240 నుంచి 33. బండి ఫ్లోటు, మీటరు ఒకే దిక్కువైతే (ట్యాంకు నిండేకొద్దీ రెండింటికీ ఓమ్‌లు పెరగడమో, రెండింటికీ తగ్గడమో అయితే) సిరీస్‌లో, ప్యారలల్‌లో రెసిస్టర్లు పెట్టి కొంతవరకు లాక్కురావచ్చు. దిక్కు తిరగబడితే రెసిస్టర్లతో కాదు, అడాప్టరే చేయాలి. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పి, పాత గేజి వైరు పూర్తిగా తీసేయండి. రెండు గేజిలు ఒకే ఫ్లోటు మీద ఉంటే ఏ లెక్కా కుదరదు. 5 వోల్టుల నుంచి 220 ఓమ్, అర వాట్ రెసిస్టరు ద్వారా ఫ్లోటుకి కరెంటు ఇచ్చి, ఆ జాయింటు వోల్టేజీ నానోతో చదివి ఓమ్‌లుగా లెక్కించండి. ట్యాంకు ఖాళీ చేసి, బండిని సమంగా ఉన్న నేల మీద పెట్టి, 5 లీటర్ల చొప్పున పోస్తూ ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు ఆగి ఓమ్‌లు రాసుకోండి. ట్యాంకు ఆకారం వంకరగా ఉంటుంది కాబట్టి ఖాళీ, నిండు రెండే కొలిచి మధ్యలో గీత గీస్తే సగం దగ్గర బాగా తప్పుతుంది. ఆ పట్టికే ప్రోగ్రాములో పెట్టండి.

మీటరుకి తిరిగి ఇచ్చేటప్పుడు, వేడితో కదిలే పాత రకం గేజి అయితే ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్‌ని (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టరు) పీడబ్ల్యూఎమ్‌తో, అంటే వేగంగా వేసి ఆపుతూ, నడిపితే చక్కగా ఆగుతుంది. మైక్రోకంట్రోలరు ఉన్న కొత్త మీటరుకి అదే ఇస్తే అది పల్సు పైన ఒకసారి, కింద ఒకసారి చదివి గీతలు ఎగురుతాయి. దానికి ఫిల్టరు చేసిన నిలకడ వోల్టేజీ కావాలి. ఘాట్ రోడ్డులో డీజిలు అటూ ఇటూ పోతుంది, సాలూరు దాటాక తెలుస్తుంది. ఒక నిమిషం సగటు పెట్టండి. కీ వేసిన మొదటి రెండు సెకన్లు మాత్రం సగటు లేకుండా నేరుగా చూపించాలి, లేకపోతే బంకులో నింపాక ముల్లు లేవడానికి చాలాసేపు పడుతుంది.

టెంపరేచర్‌కి అడాప్టరు వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మీటరుతో వచ్చిన సెన్సరునే ఇంజనుకి బిగించండి. మర తేడా ఉంటే లేతు మీద ఇత్తడి బుష్ చేయించండి. ఒకే వైరున్న సెన్సరుకి గ్రౌండు ఆ మర నుంచే వస్తుంది కాబట్టి టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే ముల్లు తక్కువ వేడి చూపిస్తుంది. ఇంజను మరుగుతున్నా తెలియదు. బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాచి 40, 60, 80, 95 డిగ్రీల దగ్గర థర్మామీటరుతో పోల్చండి. చాలా కొత్త మీటర్లు సుమారు 75 నుంచి 105 డిగ్రీల దాకా ముల్లుని మధ్యలోనే ఆపేస్తాయి. అది పాడవడం కాదు. వాటిలో అసలు హెచ్చరిక ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే సెన్సరు బదులు రెసిస్టర్లు మార్చి చూసుకోవాలి.

హెచ్చరిక లైట్లలో ఛార్జింగ్ లైటు దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. పాత మీటరులో ఆ బల్బు గుండా పోయే కరెంటుతోనే ఆల్టర్నేటరు మేల్కొంటుంది. కొత్త మీటరులో ఎల్ఈడీ ఉంటే ఆ కరెంటు చాలదు. స్టార్ట్ చేశాక రేజ్ చేస్తే గాని ఛార్జింగ్ ఎక్కదు. ఇగ్నిషన్‌కీ ఆల్టర్నేటరు మీద ఛార్జింగ్ లైటు వైరు కలిసే ఎల్ టెర్మినల్‌కీ మధ్య, అంటే లైటుకి ప్యారలల్‌గా, 68 ఓమ్ 5 వాట్ల రెసిస్టరు పెట్టండి. అది వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కి ఆనించకండి. ఆయిలు ప్రెషరు లైటు ఇంజను ఆపి కీ వేస్తే వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. స్విచ్ వైరు పీకి ఒకసారి, గ్రౌండుకి తాకించి ఒకసారి చూడండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు ఆరట్లేదని వేరే లైటు వైరుకి కలిపేసే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

క్యాన్ మీద, అంటే బండిలోని కంప్యూటర్లు రెండు వైర్ల మీద సందేశాలు పంపుకునే పద్ధతిలో, నడిచే కొత్త బండ్లకి దారి వేరు. ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ స్కానరు తగిలించే చోటు) 6వ పిన్ను క్యాన్ హై, 14వది క్యాన్ లో. బ్యాటరీ విప్పి ఆ రెండింటి మధ్య కొలిస్తే 60 ఓమ్ రావాలి, రెండు చివరలా 120 ఓమ్ ఉంటుంది కాబట్టి. నానోని క్యాన్‌కి కలిపే ఎమ్‌సీపీ2515 మాడ్యూలు మీద కూడా ఒక 120 ఓమ్ జంపరు ఉంటుంది. అది తీయకుండా మధ్యలో తగిలిస్తే 40 ఓమ్‌కి పడిపోయి ఎర్రర్లు మొదలవుతాయి. బండి నుంచి ఒక్క సందేశం కూడా రాకపోతే మాడ్యూలు మీది క్రిస్టల్ చూడండి: చాలావాటిలో 8 మెగాహెర్ట్జ్ ఉంటుంది, ప్రోగ్రాములో 16 అని ఉంటే వేగం సగమైపోతుంది. ఓబీడీ ప్రశ్నలు పంపి తెచ్చుకున్న వేగం పూర్తి కిలోమీటర్లలోనే వస్తుంది కాబట్టి దాంతో ఓడోమీటరు నడపొద్దు. ముల్లుకి సరే గాని, దూరానికి పల్సులే వాడండి.

పాత మీటరు రీడింగు, కొత్త మీటరు బిగించిన రోజు రీడింగు, బల్ల మీద పడిన కిలోమీటర్లు, రెండు మీటర్ల ఫోటోలు తేదీతో సహా సర్వీసు పుస్తకంలో పెట్టండి. బండి అమ్మేటప్పుడు ఆ పేజీ కొనేవాళ్లకి చూపించాలి. ఇంజను కూడా మార్చి ఉంటే అది ఆర్సీలో ఎక్కాల్సిన మార్పు, ఆర్టీవో ఆఫీసులో ముందే అనుమతి తీసుకోవాలి. అడాప్టరులో రాసిన రెండు అంకెలు, మీటరుదీ బండిదీ, ఒక కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు లోపల అతికించండి. టైర్ల సైజు మారిన రోజు మార్చాల్సింది బండి అంకె ఒక్కటే.